రెండు వేళ్లు మిగిలిన చేత్తో జాంగో రైన్‌హార్ట్ మళ్లీ గిటార్ ఎలా పట్టాడు

ఏటా జులై 14న పుదుచ్చేరి బీచ్ రోడ్డులోని యుద్ధ స్మారకం దగ్గర రెండు దేశాల జాతీయ గీతాలు వినిపిస్తాయి. ఒకటి మనది, రెండోది ఫ్రాన్స్‌ది. ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన కుటుంబాలవాళ్లు, ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకున్న తమిళులు అక్కడ నిలబడి 'మార్సెయ్యేజ్' పాడతారు. సైనికులు కవాతు చేయడానికి పుట్టిన పాట అది.

ఆ పాటను 1946 మొదట్లో లండన్‌లో ఇద్దరు సంగీతకారులు జాజ్ లయలో రికార్డు చేశారు. ఒకరిది వయొలిన్, మరొకరిది గిటార్. యుద్ధం విడదీసిన ఇద్దరు మిత్రులు ఆరేళ్ల తర్వాత కలుసుకున్నారు. మాటలు రాక వాద్యాలు తీసి ముందుగా వాయించింది ఈ పాటనేనని చెబుతారు. గిటార్ వాయించినాయన ఎడమ చేతిలో రెండు వేళ్లు కాలి ముడుచుకుపోయి ఉన్నాయి. ఆయన పేరు జాంగో రైన్‌హార్ట్. ఐరోపా గడ్డ మీద పుట్టిన జాజ్ వాద్యకారుల్లో ఆయనంత ప్రభావం చూపినవారు అరుదు.

చేతికి దెబ్బ తగిలి గిటార్‌కు దూరమైనవారు ఎక్కడున్నా ఆయన కథ వాళ్ల చెవిన పడుతూనే ఉంటుంది. సాధారణంగా దాన్ని పట్టుదల గెలిచిన కథగా చెబుతారు. పట్టుదల ఉన్న మాట నిజమే. దాని వెనక ఒక తమ్ముడు, ఏడాదిన్నర కాలం, చేతిని కొత్తగా అర్థం చేసుకున్న తీరు కూడా ఉన్నాయి.

బండిలో పుట్టిన పిల్లవాడు

జాంగో అసలు పేరు జాన్. 1910 జనవరి 23న బెల్జియంలోని లిబెర్షీ అనే పల్లె దగ్గర, ఊరూరూ తిరిగే రోమా కుటుంబంలో పుట్టాడు. రోమాల్లో వీళ్లది మనూష్ అనే శాఖ. రోమాల భాష మూలాలు మన దేశంలోనే ఉన్నాయని భాషావేత్తలు ఏనాడో తేల్చారు. వెయ్యేళ్లకు పైగా పశ్చిమానికి నడుస్తూ పోయినా వాళ్ల మాటల్లో నీళ్లు 'పానీ'గానే మిగిలాయి.

బాల్యం పారిస్ నగర శివార్లలో, పాత కోటగోడల అవతలి ఖాళీ జాగాల్లో గడిచింది. గుర్రపు బండే ఇల్లు. బడి లేదు. చదవడం, రాయడం పెద్దయ్యాక కూడా సరిగా రాలేదు, స్వరలిపి అసలే రాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ చుట్టూ సంగీతం మాత్రం ఉంది. ముందు వయొలిన్ పట్టాడు. పన్నెండో ఏట బాంజో-గిటార్ చేతికొచ్చింది. పెద్దల వేళ్లు చూసి నేర్చుకున్నాడు. పదమూడో ఏటికే పారిస్ డాన్స్ హాళ్లలో అకార్డియన్ వాద్యకారుల పక్కన కూర్చుని డబ్బు సంపాదించడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో సంచార కుటుంబాలకు ఒక చట్టం ఉండేది. 1912లో వచ్చిన ఆ చట్టం ప్రకారం వాళ్లు శరీర కొలతలు, వేలిముద్రలు నమోదు చేసిన పుస్తకం వెంట పెట్టుకోవాలి. ఊళ్లోకి వచ్చినప్పుడు, వెళ్లేటప్పుడు అధికారులకు చూపాలి. నేరస్థ జాతుల చట్టం కింద బ్రిటిష్‌వారు స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఎరుకల కుటుంబాలను హాజరు పట్టీలతో కట్టడి చేసిన కాలమే ఇది కూడా. తిరిగేవాణ్ని అనుమానించడంలో రెండు సామ్రాజ్యాలదీ ఒకటే పద్ధతి.

1928లో జాంగో మొదటిసారి రికార్డుకెక్కాడు. అకార్డియన్‌కు పక్కవాద్యంగా బాంజో వాయించాడు. తన పేరు రాయడం రాని కుర్రవాడి పేరును రికార్డు మీద తప్పుగా అచ్చేశారు. అదే ఏడాది జాక్ హిల్టన్ అనే పేరున్న బ్రిటిష్ బ్యాండ్ నాయకుడు అతని వాద్యం విని తన బృందంలోకి పిలిచాడు. అతనికి అప్పుడు పద్దెనిమిదేళ్లు.

పూలు అంటుకున్న రాత్రి

పెళ్లయింది, భార్య బెల్లా గర్భవతి. కాపురం సాంటువాన్ ప్రాంతంలో ఒక కారవాన్‌లో. బెల్లా సెల్యులాయిడ్‌తో పూలు చేసి అమ్మేది. 1928 చివర్లో ఒక రాత్రి జాంగో వాయించి ఇంటికొచ్చేసరికి అమ్మకానికి సిద్ధం చేసిన పూలు బండి నిండా ఉన్నాయి. చేతిలోని కొవ్వొత్తి నిప్పు వాటికి తగిలింది.

సెల్యులాయిడ్ నైట్రోసెల్యులోజ్‌తో చేసే పదార్థం. పాతకాలం సినిమా రీళ్లదీ అదే. అంటుకుంటే క్షణాల్లో భగ్గుమంటుంది, ఆర్పడం చాలా కష్టం. జాంగో దుప్పటి కప్పుకుని, ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని మంటల్లోంచి బయటపడ్డాడని చెబుతారు. భార్యాభర్తలిద్దరూ బతికారు. జాంగో కుడి కాలు, ఎడమ చెయ్యి దారుణంగా కాలాయి.

ఆసుపత్రిలో డాక్టర్లు కాలు తీసేయాలన్నారు. జాంగో ఒప్పుకోలేదు. వాళ్ల భయంలో అర్థం లేకపోలేదు. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గమనించింది సరిగ్గా ఆ ఏడాది సెప్టెంబరులోనే. అది మందుగా రోగి దగ్గరికి చేరడానికి ఇంకా పదేళ్లకు పైగా పట్టింది. కాలిన గాయానికి చీము పడితే ప్రాణాలు పోయే రోజులవి. ఆ కాలు మిగిలింది. కొంతకాలానికి కర్ర సాయంతో నడిచాడు.

చెయ్యి సంగతి వేరు. లోతుగా కాలినచోట కొత్త చర్మం మచ్చ కట్టుకుంటూ మానుతుంది, మానే క్రమంలో బిగుసుకుంటుంది. వేలిని లోపలికి లాగేస్తుంది. ఇప్పుడైతే మొదటి రోజుల నుంచే వేళ్లను తిన్నగా ఉంచే పట్టీలు కడతారు, కదలికలు చేయిస్తారు, అవసరమైతే వేరేచోటి చర్మం తెచ్చి అతుకుతారు. పుదుచ్చేరిలో ఫ్రెంచివారు 1823లో పెట్టిన వైద్య పాఠశాల నేడు జిప్మర్‌గా ఎదిగింది. అలాంటి పెద్దాసుపత్రిలో ఇప్పుడు ప్లాస్టిక్ సర్జన్, ఫిజియోథెరపిస్టు కలిసి చూసే కేసు ఇది. 1928లో ఒక సంచార కుర్రవాడికి ఆ వసతి లేదు. ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతి వైపు వంగి ఉండిపోయాయి. గిటార్ మళ్లీ వాయించలేడని డాక్టర్లు తేల్చేశారు. హిల్టన్ ఇచ్చిన అవకాశం చెయ్యి జారింది.

మంచం మీద ఏడాదిన్నర

జాంగో కోలుకోవడానికి దాదాపు పద్దెనిమిది నెలలు పట్టింది. తమ్ముడు జోసెఫ్ ఒక గిటార్ తెచ్చి మంచం మీద పెట్టాడు. జోసెఫ్ కూడా గిటార్ వాద్యకారుడే. తర్వాత ఏళ్ల తరబడి అన్న పక్కన లయ వాయించినవాడూ అతనే.

ఎడమ చెయ్యి గిటార్ మెడ మీద చేసే పని తెలిస్తే ఆ కుర్రవాడి సమస్య అర్థమవుతుంది. మామూలుగా నాలుగు వేళ్లూ పక్కపక్కనే నాలుగు మెట్ల మీద ఉంటాయి. చెయ్యి పెద్దగా కదలదు, వేళ్లే ఒక తీగ నుంచి మరో తీగకు అడ్డంగా దాటుతాయి. నాలుగింటిలో రెండు పోతే ఆ పద్ధతి మొత్తం కూలిపోతుంది.

జాంగో పాత పద్ధతిని బాగుచేయడానికి కూర్చోలేదు. చూపుడు వేలు, మధ్య వేలు మాత్రమే ఉన్న చేతికి తగిన పద్ధతిని వెతికాడు. తీగలకు అడ్డంగా వెళ్లడానికి బదులు తీగ వెంబడి పైకీ కిందికీ పరుగెత్తాడు. వీణ తెలిసిన తెలుగువారికి ఇది సులువుగా బోధపడుతుంది. వీణ మెట్ల మీద ఎడమ చేతి పని చాలావరకు చూపుడు వేలు, మధ్య వేలే చేస్తాయి. ఒకే తీగ మీద ఆ రెండు వేళ్లూ ఈ చివరి నుంచి ఆ చివరికి జారుతూ రాగాన్ని నడిపిస్తాయి. వైణికులకు సంప్రదాయంగా వచ్చిన పద్ధతి అది. గిటార్ మీద జాంగో దాని దగ్గరకు వేరే దారిలో వచ్చాడు.

ముడుచుకున్న వేళ్లను కూడా వదిలేయలేదు. అవి స్వేచ్ఛగా కదలకపోయినా పై స్థాయి రెండు తీగల మీద ఆనేలా పెట్టి కార్డ్‌లు పట్టాడు. మంద్ర స్థాయి తీగలను మెడ వెనక నుంచి బొటన వేలితో నొక్కాడు. నాలుగు వేళ్లతో పట్టే నిండు కార్డ్‌లకు బదులు మూడేసి స్వరాల పొట్టి కార్డ్‌లు కనిపెట్టాడు. కుడి చేతికి ఏ దెబ్బా లేదు. దాని బలం ఇప్పుడు రెట్టింపు అక్కరకొచ్చింది. పిక్‌తో తీగను గట్టిగా కిందికి మీటే డాన్స్ హాలు అలవాటు మైకు లేని గిటార్‌కు కూడా గొంతునిచ్చింది.

గాయమే ఆయన్ను గొప్పవాణ్ని చేసిందని కొందరు అంటారు. ఆ మాటను నిరూపించే దారి లేదు. మంటకు ముందు ఆయన చేసిన రికార్డుల్లో ఉన్నది అకార్డియన్ వెనక బాంజో మాత్రమే. నాలుగు వేళ్లతో ఆయన గిటార్ ఎలా పలికేదో ప్రపంచం వినలేదు. జాంగో గిటార్‌గా లోకం ఎరిగినదంతా కాలిన చేతిదే. పోయింది ఎంతో లెక్క కట్టలేం. వచ్చినదాన్ని మాత్రం వినగలం.

ఆ ఏడాదిన్నర ఇంకో నష్టాన్నీ మిగిల్చింది. 1929లో కొడుకు పుట్టాడు కానీ బెల్లాతో కాపురం నిలవలేదు. జాంగో తన పాత స్నేహితురాలు నగీన్ వెంట దక్షిణ ఫ్రాన్స్ దారి పట్టాడు. కేఫ్‌ల ముందు వాయించి పొట్ట పోసుకున్నాడు.

తులోన్‌లో విన్న ట్రంపెట్

1931లో తులోన్ రేవు పట్టణంలో ఎమిల్ సావిత్రి అనే చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్ వాళ్లను చేరదీశాడు. పేరు మన చెవికి తెలుగు పేరులా వినిపించినా ఆయన ఫ్రెంచివాడు. ఆయన గదిలో అమెరికన్ రికార్డులు ఉండేవి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్, డ్యూక్ ఎల్లింగ్టన్ ఆర్కెస్ట్రా జాంగో అక్కడే మనసుపెట్టి విన్నాడు. తన కొత్త చెయ్యి ఏ సంగీతం వాయించాలో అక్కడే తేలింది.

1934లో పారిస్‌లోని క్లారిడ్జ్ హోటల్‌లో సాయంకాలపు డాన్స్‌లకు వాయించే బృందంలో చేరాడు. వయొలిన్ వాద్యకారుడు స్టెఫాన్ గ్రాపెల్లి అక్కడే ఉన్నాడు. విరామంలో తెర వెనక ఇద్దరూ సరదాగా కలిసి వాయించుకోవడంతో మొదలై, ఒక వయొలిన్, మూడు గిటార్లు, ఒక డబుల్ బేస్‌తో బృందం తయారైంది. హాట్ క్లబ్ ఆఫ్ ఫ్రాన్స్ క్వింటెట్ అని దానికి పేరు. జాజ్ అంటే ట్రంపెట్లు, డ్రమ్ములు అనుకునే రోజుల్లో పూర్తిగా తీగవాద్యాలతో జాజ్ వాయించిన బృందం ఇది. ఆ డిసెంబరులో మొదటి రికార్డులు వచ్చాయి. గిటార్ అప్పటివరకు ఎక్కువగా లయ పట్టే వాద్యం. జాంగో చేతిలో అది ముందుకొచ్చి పాట పాడింది.

ఆయన పేరుతో ముడిపడిన సెల్మర్ గిటార్ వెనక ఇంకొక చేతి కథ ఉంది. 1930ల మొదట్లో ఆ వాద్యాన్ని రూపొందించిన ఇటాలియన్ మారియో మక్కాఫెర్రి స్వయంగా పేరున్న క్లాసికల్ గిటార్ వాద్యకారుడు. 1933లో ఈత కొలను దగ్గర జరిగిన ప్రమాదంలో ఆయన కుడి చెయ్యి దెబ్బతింది. కచేరీ జీవితం అంతటితో ముగిసింది. ఆయన తయారీరంగానికి మళ్లాడు. వాద్యాల రీడ్లు, తర్వాత అమెరికాలో లక్షల్లో అమ్ముడైన ప్లాస్టిక్ యుకులేలీలు చేశాడు. ఒకాయన తిరిగొచ్చాడు, ఒకాయన రాలేదు. రాకపోవడాన్ని ఓటమి అనడం కష్టం. ఒకరికి ఏ వేళ్లు పోయాయి, ఏ చెయ్యి పోయింది, వాయించే సంగీతం ఆ చేతిని ఏమడుగుతుంది అన్నవి సంకల్పంతో పాటే లెక్కలోకి వస్తాయి. క్లాసికల్ గిటార్‌లో కుడి చేతి వేళ్లే విడివిడిగా తీగలు మీటాలి. పిక్ పట్టుకునే వాద్యకారుడికి ఉన్న వెసులుబాటు మక్కాఫెర్రికి లేదు.

యుద్ధం, మేఘాలు

1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించేసరికి బృందం ఇంగ్లండ్‌లో ఉంది. గ్రాపెల్లి అక్కడే ఆగిపోయాడు. జాంగో పారిస్ వెళ్లిపోయాడు. మరుసటి వేసవికి పారిస్ జర్మన్ల చేతిలో పడింది. ఆ సెప్టెంబరులో గవర్నర్ బాన్వాఁ ఆధ్వర్యంలో పుదుచ్చేరి జనరల్ డిగోల్ పక్షాన చేరింది. యానాంతో సహా భారతదేశంలోని ఫ్రెంచి స్థావరాలు స్వేచ్ఛా ఫ్రాన్స్ జెండా కింద ఉంటే, అసలు రాజధాని శత్రువు కింద ఉన్న విచిత్రమైన కాలం.

రోమాలకు అది మరీ ప్రమాదకరమైన కాలం. నాజీలు ఐరోపా అంతటా వాళ్లను వేటాడి చంపారు. ఫ్రాన్స్‌లో 1940 ఏప్రిల్‌లో, అంటే జర్మన్లు రాకముందే, సంచార కుటుంబాలు తిరగకూడదని ప్రభుత్వం ఆజ్ఞ జారీ చేసింది. తర్వాత వేలమందిని శిబిరాల్లో పెట్టారు. యుద్ధం ముగిశాక కూడా కొందరు 1946 దాకా అక్కడే మగ్గారు. ఫ్రాన్స్ దేశాధ్యక్షుడు ఆ బాధ్యతను బహిరంగంగా ఒప్పుకున్నది 2016లో.

జాంగోను కాపాడింది కీర్తి. నాజీలు జాజ్‌ను నీచ సంగీతం అన్నారు, కానీ సెలవు మీద పారిస్ వచ్చిన జర్మన్ అధికారులు అదే వినడానికి క్లబ్బులకు వెళ్లారు. వయొలిన్ స్థానంలో క్లారినెట్ పెట్టుకుని ఆయన 1940లో 'న్యూఆజ్' రికార్డు చేశాడు. మేఘాలు అని అర్థం. మాటలు లేని ఆ మెల్లని బాణీ ఆక్రమిత పారిస్ అంతా మారుమోగింది. 1943లో స్విట్జర్లాండ్‌కు పారిపోబోయి దొరికిపోయాడు. ఆయన సంగీతం ఇష్టపడే జర్మన్ అధికారి ఒకరు వదిలేయడంతో బతికిపోయాడు. మళ్లీ ప్రయత్నిస్తే ఈసారి స్విస్ కాపలాదారులే వెనక్కి పంపారు. అదే ఏడాది నగీన్‌ను పెళ్లాడాడు. 1944లో కొడుకు బాబిక్ పుట్టాడు.

అమెరికా, ఆ తర్వాత

1946 చివర్లో డ్యూక్ ఎల్లింగ్టన్ ఆర్కెస్ట్రాతో కలిసి అమెరికా పర్యటించాడు. న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో రెండు రాత్రులు వాయించాడు. మొదటి రాత్రి చప్పట్లు మోగాయి. రెండో రాత్రి ఆయన చాలా ఆలస్యంగా వచ్చాడు. ఆశించిన ఒప్పందాలు రాలేదు. తన సెల్మర్ లేకుండా, అలవాటు లేని ఎలక్ట్రిక్ గిటార్‌తో వాయించాల్సి వచ్చింది. నిరాశతో ఫ్రాన్స్ తిరిగొచ్చాడు.

మనిషి లెక్కకు అందేవాడు కాదు. కచేరీ ఉన్న రోజు చేపలు పట్టడానికో బిలియర్డ్స్ ఆడడానికో వెళ్లిపోయేవాడు. సంపాదించింది జూదంలో పోగొట్టేవాడు. రంగులు పట్టుకుని బొమ్మలు వేసుకునేవాడు. బృందం నడిపే బరువు చాలావరకు పక్కవాళ్ల మీద పడేది. 1951లో సేన్ నది ఒడ్డున సామువా అనే పల్లెలో స్థిరపడ్డాడు. అయితే చెవి ముసలిదవలేదు. అమెరికాలో పుట్టిన కొత్త బీబాప్ శైలిని విని, తనకంటే చాలా చిన్నవాళ్లతో కలిసి, ఎలక్ట్రిక్ గిటార్ మీద ఆ భాష పలికించాడు. 1953 ఏప్రిల్‌లో చేసిన చివరి రికార్డుల్లో వినిపించేది పాత విజయాల మీద బతికే మనిషి కాదు.

ఆ మే 16న పారిస్ నుంచి ఇంటికొస్తూ కుప్పకూలాడు. మెదడులో రక్తస్రావం. డాక్టరు రావడం ఆలస్యమైంది. నలభై మూడేళ్లకే పోయాడు. అప్పటికి పుదుచ్చేరి ఇంకా ఫ్రెంచి పాలనలోనే ఉంది. మరుసటి ఏడాది జూన్‌లో యానాం, నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారతదేశం చేతికి వచ్చాయి.

ఇంకొక చేతికి

ఆయన పోయిన పన్నెండేళ్లకు, 1965లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఒక లోహపు రేకుల ఫ్యాక్టరీలో పదిహేడేళ్ల కుర్రవాడి కుడి చేతి రెండు వేళ్ల కొసలు యంత్రంలో తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం గిటార్ వాద్యకారుడు కాబట్టి తీగలు నొక్కే చెయ్యి అదే. ఇక వాయించలేవన్నారు. ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినిపించి, తర్వాత ఆ వాద్యకారుడి రెండు వేళ్ల సంగతి చెప్పాడు. అది జాంగో రికార్డు. ఆ కుర్రవాడు ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పలచని తీగలు కట్టాడు, తర్వాత తీగల శ్రుతి దించి బిగువు తగ్గించాడు. అతనే బ్లాక్ సబాత్ బృందపు టోనీ అయోమీ. హెవీ మెటల్ అనే సంగీతానికి ఆ బరువైన నాదం వచ్చిన దారుల్లో ఇదొకటి.

అయోమీ జాంగోలా వాయించలేదు, వాయించాలనీ చూడలేదు. జాంగో దగ్గర అతను తీసుకున్నది బాణీ కాదు. మిగిలిన చేతిని ముందు పరిశీలించి, వాద్యాన్ని దానికి తగ్గట్టు మార్చుకోవచ్చన్న ఒక్క విషయం.

మనూష్‌ల ఆచారం ప్రకారం చనిపోయినవారి వస్తువులు ఉంచుకోరు. జాంగో వస్తువులు చాలావరకు అలా నిప్పుకే పోయాయని చెబుతారు. ఆయన వాయించిన సెల్మర్ గిటార్ ఒకటి మాత్రం నగీన్ చేతుల మీదుగా భద్రపడింది. 503 అనే సంఖ్య ఉన్న ఆ గిటార్ ఇప్పుడు పారిస్ సంగీత మ్యూజియంలో ఉంది.